మన మాట వారికి వినబడడం లేదా? – ఇంటి కంప్యూటరులో మైక్రోఫోను బలహీనతకు నిదానం, చికిత్స

శాస్త్ర విషయాలలోకి ప్రవేశించే ముందు మా ఇంట జరిగిన ఒక చిన్న సంగతి పాఠకులకు విన్నవించుకుంటాను. ఇటువంటిది మీ ఇంట కూడా జరిగి ఉండవచ్చు. లేదా మీకు తెలియకుండానే ప్రస్తుతం జరుగుతూ ఉండవచ్చు.

మా నాన్నగారు అమలాపురం సమీపంలోని ఒక పల్లెలో ఉంటారు. వయస్సు ఎనభై రెండు. ఆదివారం ఉదయం, అంటే వారికి సాయంసంధ్య వేళ, మేమందరం కంప్యూటరు తెర ముందు చేరి ఆయనతో ముచ్చటించడం చాలా ఏళ్ళుగా మాకు ఆనవాయితీ. 2024వ సంవత్సరంలో ఈ ముచ్చట్లలో ఒక మార్పు వచ్చింది. మొదట ఆయన “ఆఁ? ఏమన్నావురా?” అని పదే పదే అడగసాగారు. కొన్నాళ్ళకు అడగడం కూడా మానివేశారు. మేము ఏది చెప్పినా చిరునవ్వుతో తల ఊపేవారు. గంటసేపు సాగే సంభాషణ పది నిమిషాలకు కుదించుకుపోయింది. “సరే నాన్నా, ఉంటాను, పిల్లలు జాగ్రత్త” అని ఆయనే ముందుగా సెలవు తీసుకునేవారు.

తెర మీద బొమ్మ దివ్యంగా కనబడుతున్నది. ఆయన మాట మాకు చక్కగా వినబడుతున్నది. అందువలన యంత్రంలో దోషం ఉండవచ్చునన్న అనుమానం మాలో ఎవరికీ కలుగలేదు. పెద్దవయస్సు, చెవులు మందగించాయి అని తీర్మానించాము. మా తమ్ముడు ఆయనను కాకినాడ తీసుకువెళ్ళి పరీక్ష చేయించాడు. వయస్సుతో పాటు వచ్చే కొద్దిపాటి లోపమే తప్ప, ఎదుట కూర్చున్నవారి మాట వినడానికి ఏ ఇబ్బందీ ఉండకూడదని వైద్యులు చెప్పారు. మాకు నమ్మకం కుదరలేదు. వినికిడి యంత్రాల వెలలు వాకబు చేయడం మొదలుపెట్టాము.

ఇంతలో తెలుగు బడివారి పద్యపఠన పోటీ వచ్చింది. మా అమ్మాయి అదే కంప్యూటరు ముందు కూర్చుని పద్యం చదివి, రికార్డు చేసి, తిరిగి విని, “నాన్నా, నా గొంతు బావిలో నుంచి వచ్చినట్టుంది” అన్నది. నేనూ విన్నాను. నిజమే. అప్పుడుగాని మాకు జ్ఞానోదయం కాలేదు. ఎనిమిది నెలల క్రితం పెద్ద తెర ఒకటి కొని, దానిపై కొత్త కెమెరా అమర్చి, ల్యాప్‌టాప్‌ను మూతవేసి బల్ల కింది అరలోకి నెట్టివేశాము. బొమ్మ కొత్త కెమెరా నుంచి వెళ్తున్నది. మాట మాత్రం మూతపడిన ల్యాప్‌టాప్ లోపలి మైక్రోఫోను నుంచే వెళ్తున్నది! చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికిన చందాన, బల్ల కింద ఉన్న దోషం కోసం మేము కాకినాడ దాకా వెతికాము.

ఈ అనుభవం వలన కలిగిన సిగ్గులో నుంచే ఈ వ్యాసం పుట్టింది. మాట ఎక్కడ సన్నగిల్లుతుందో, ఎందుకు సన్నగిల్లుతుందో, ఇంట్లోనే ఎట్లా సరిచేసుకోవచ్చునో వరుసగా తెలుసుకుందాము.

మాట ఎంత సున్నితమైనది?

మనం మాట్లాడినప్పుడు స్వరపేటిక కంపించి చుట్టూ ఉన్న గాలిలో ఒత్తిడి హెచ్చుతగ్గులను పుట్టిస్తుంది. ఆ హెచ్చుతగ్గులే సెకనుకు సుమారు 343 మీటర్ల వేగంతో నలుదిక్కులా వ్యాపిస్తాయి. మన చుట్టూ ఉన్న వాతావరణపు ఒత్తిడి దాదాపు ఒక లక్ష పాస్కల్స్. మామూలుగా సంభాషించే మనిషి మాట ఒక మీటరు దూరంలో కలిగించే ఒత్తిడి భేదం ఒక పాస్కల్‌లో యాభైయవ వంతు మాత్రమే. అనగా వాతావరణపు ఒత్తిడిలో యాభై లక్షలవ వంతు! ఇంత సూక్ష్మమైన కదలికను పట్టుకుని విద్యుత్తుగా మార్చడమే మైక్రోఫోను చేసే పని.

సాధారణంగా హెడ్‌సెట్లలో ఉండే మైక్రోఫోను, ఒక పాస్కల్ ఒత్తిడికి సుమారు పది మిల్లీవోల్టుల విద్యుత్తును ఇస్తుంది. కాబట్టి మీటరు దూరం నుంచి వచ్చే మాటకు అది ఇచ్చేది ఒక వోల్టులో ఐదువేలవ వంతు. కంప్యూటరుకు ఉపయోగపడాలంటే ఈ సంకేతాన్ని కొన్ని వేల రెట్లు పెంచవలసి ఉంటుంది. ఆ పెంచే పరికరమే ప్రీయాంప్లిఫయరు. “మైకు సౌండు తక్కువగా ఉంది” అన్న ప్రతి ఫిర్యాదుకూ మూలం ఈ రెండింటిలో ఒకటి: మైక్రోఫోనుకు చేరిన మాటే తక్కువ కావడం, లేదా చేరిన మాటను తగినంత పెంచకపోవడం.

ఈ సాధనపు చరిత్రను కూడా ఒకసారి స్మరించుకోవడం అవసరం. 1876లో అలెగ్జాండర్ గ్రాహం బెల్ టెలిఫోనులో తొలిసారిగా మాట వినిపించినప్పుడు ఆ మాట చాలా బలహీనంగా ఉండేది. ఆ తరువాత రెండు మూడేళ్ళలోనే ఎడిసన్, హ్యూస్ మున్నగువారు బొగ్గు మైక్రోఫోనును రూపొందించారు. అందులో మాట తాకిడికి బొగ్గు రేణువులు నొక్కుకుని బ్యాటరీ నుంచి వచ్చే విద్యుత్ ప్రవాహాన్ని హెచ్చించి తగ్గిస్తాయి. కనుక అది స్వయంగా మాటను కొంత పెంచగలిగేది. 1916లో బెల్ ప్రయోగశాలల పూర్వరంగంలో ఎడ్వర్డ్ వెంటె కండెన్సర్ మైక్రోఫోనును నిర్మించాడు. 1962లో, మన తెలుగువారు అధిక సంఖ్యలో నివసించే న్యూజెర్సీ రాష్ట్రంలోని బెల్ ప్రయోగశాలలలో, గెర్హార్డ్ సెస్లర్, జేమ్స్ వెస్ట్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు విద్యుదావేశాన్ని శాశ్వతంగా నిలుపుకునే పలుచని టెఫ్లాన్ పొరతో ఎలెక్ట్రెట్ మైక్రోఫోనును సృష్టించారు. చవకగా, చిన్నదిగా ఉండడం వలన అది ఇంటింటికీ చేరింది. నేటి ల్యాప్‌టాపులలో, చేతి ఫోనులలో ఉన్నవి సిలికాన్ ముక్కపై చెక్కిన, కొన్ని మిల్లీమీటర్ల పరిమాణం గల మైక్రోఫోనులు. వాటికి శబ్దం చేరే ద్వారం సూదిబెజ్జమంత ఉంటుంది. ఆ బెజ్జం మీద ధూళి పేరుకున్నా, తొడుగు అడ్డుపడినా, పిల్లలు ముచ్చటపడి బొమ్మ అతికించినా మాట లోపలికి చేరదు.

పదమూడు వేల కిలోమీటర్లా, రెండు అడుగులా?

వెనుకటి రోజులలో ట్రంకు కాల్ మాట్లాడిన పెద్దలందరికీ గొంతు పెంచి అరవడం అలవాటు. దానికి కారణం లేకపోలేదు. పాత టెలిఫోను తీగలో మాట విద్యుత్ తరంగంగా ప్రయాణించేది. మైలు మైలుకూ ఆ తరంగం క్షీణించేది. 1915లో న్యూయార్కు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు టెలిఫోను సంబంధం ప్రారంభమైనప్పుడు దారిలో వాక్యూమ్ ట్యూబులతో మాటను మళ్ళీ మళ్ళీ పెంచవలసి వచ్చింది.

నేడు పరిస్థితి వేరు. మన మాట కంప్యూటరులోనే అంకెలుగా మారిపోతుంది. అంకెలు ఎంత దూరం పోయినా చిక్కిపోవు. న్యూజెర్సీలో ‘వెయ్యి’ అని బయలుదేరిన అంకె అమలాపురంలో ‘వెయ్యి’గానే దిగుతుంది. ఇంటర్నెట్ సరిగా లేకపోతే మాట తెగుతుంది, ఆలస్యమవుతుంది, గరగరలాడుతుంది, అంతేగాని సన్నగిల్లదు. కాబట్టి మాట స్పష్టంగా, తెగకుండా, కాని నీరసంగా వినబడితే దోషం దారిలో లేదు. ఇరువైపులా ఉన్న ఇళ్ళలో ఒక ఇంట ఉన్నది. ఈ ఒక్క సూత్రం గుర్తుంచుకుంటే సగం శ్రమ తగ్గుతుంది.

నిజానికి మాటను మింగే దూరం వేరే ఉన్నది. అది నోటికీ మైక్రోఫోనుకూ మధ్య గల దూరం. శబ్దపు బలాన్ని డెసిబెల్స్‌లో కొలుస్తారు. ఆరు డెసిబెల్స్ తగ్గితే ఒత్తిడి సగమైనట్లు. ఇరవై తగ్గితే పదోవంతు అయినట్లు. బహిరంగ స్థలంలో దూరం రెట్టింపైన ప్రతిసారీ ఆరు డెసిబెల్స్ తగ్గుతాయి. నోటికి జానెడు లోపు, అంటే 15 సెంటీమీటర్లలో, ఉన్న మైక్రోఫోనును రెండు అడుగులకు, అంటే 60 సెంటీమీటర్లకు, జరిపితే మాట ఒత్తిడి నాలుగోవంతు అవుతుంది. అది 12 డెసిబెల్స్ నష్టం. ఎనిమిది అడుగుల దూరంలో సోఫాలో కూర్చుంటే మరి 12 డెసిబెల్స్ పోతాయి. గది గోడల ప్రతిధ్వని వలన ఈ నష్టం కొంత తగ్గినట్లు కనిపించినా, ప్రతిధ్వనితో కలిసిన మాట స్పష్టత కోల్పోతుంది. పదమూడు వేల కిలోమీటర్ల సముద్రాంతర మార్గం చేయని హాని మన గదిలోని ఎనిమిది అడుగులు చేస్తున్నాయి!

నిదానం: దోషం ఎక్కడ?

మన ఆయుర్వేదం నిదానానికి పెద్ద పీట వేసింది. రోగం ఏదో తెలియకుండా మందు వేయరాదు. కనబడిన మీట నల్లా తిప్పితే, చివరకు ఏది తిప్పడం వలన బాగుపడిందో, ఏది తిప్పడం వలన చెడిపోయిందో తెలియకుండా పోతుంది. ఈ క్రింది మూడు పరీక్షలకు పది నిమిషాలకు మించి పట్టదు.

మొదటి పరీక్ష: అవతలివారి ప్రమేయం లేకుండా మీ మాటను మీ కంప్యూటరులోనే రికార్డు చేయండి. విండోస్ 11లో ‘సౌండ్ రికార్డర్’, మాక్‌లో ‘వాయిస్ మెమోస్’ ఇందుకు చాలు. మామూలు గొంతుతో ఒక నిమిషం చదివి, చెవులకు హెడ్‌ఫోను పెట్టుకుని వినండి. మాట నిండుగా ఉంటే మైక్రోఫోను, దాని అమరికలు నిర్దోషులు. దోషం సంభాషణ కార్యక్రమంలోనో, అవతలివారి వద్దనో ఉన్నది. మాట నీరసంగా ఉంటే దోషం మీ ఇంటనే ఉన్నది.

రెండవ పరీక్ష: రికార్డు అవుతుండగా మీరు వాడుతున్నామనుకుంటున్న మైక్రోఫోనును గోటితో మెల్లగా గీకండి. రికార్డులో పెద్ద గరగర వినబడితే ఆ మైక్రోఫోనే పని చేస్తున్నది. వినబడకపోతే కంప్యూటరు మరొక మైక్రోఫోను ద్వారా వింటున్నదన్నమాట. ఈ పరీక్ష మేము మొదటి వారమే చేసి ఉంటే ఎనిమిది నెలల మౌనం తప్పేది.

మూడవ పరీక్ష: అదే మైక్రోఫోనును మరొక కంప్యూటరుకు తగిలించి చూడండి. అక్కడ కూడా నీరసంగానే ఉంటే మైక్రోఫోనుదే దోషం. అక్కడ బాగుంటే మొదటి కంప్యూటరు అమరికలలో దోషం ఉన్నది.

కారణాలు, చికిత్సలు

ఒకటి: తప్పు మైక్రోఫోను ఎంపిక. నేటి ఇంటి కంప్యూటరుకు మైక్రోఫోనులు ఒకటి కాదు, రెండు మూడు ఉంటాయి. ల్యాప్‌టాప్‌లోది ఒకటి, కెమెరాలోది ఒకటి, హెడ్‌సెట్‌ది ఒకటి. విండోస్ 11లో ‘సెట్టింగ్స్’లో ‘సిస్టమ్’, అందులో ‘సౌండ్’ తెరిస్తే ‘ఇన్‌పుట్’ అనే శీర్షిక కింద అవన్నీ కనబడతాయి. మాక్‌లో ‘సిస్టమ్ సెట్టింగ్స్’లో ‘సౌండ్’, అందులో ‘ఇన్‌పుట్’. మీకు కావలసినదానిని ఎంచుకోండి. ఇక్కడితో ఆగకూడదు. జూమ్ వంటి కార్యక్రమాలకు తమ సొంత ఎంపిక వేరే ఉంటుంది. కంప్యూటరులో ఒకటి, కార్యక్రమంలో మరొకటి ఎంపికై ఉండడం చాలా ఇళ్ళలో కనబడే దోషం.

రెండు: గ్రహణ స్థాయి తగ్గి ఉండడం. పై చోటనే ‘ఇన్‌పుట్ వాల్యూమ్’ అనే జారుడు మీట ఉంటుంది. మామూలు గొంతుతో మాట్లాడుతూ దానిని క్రమంగా పెంచండి. పక్కన కదిలే సూచిక మాట్లాడుతున్నంతసేపూ సగానికీ, మూడువంతులకూ మధ్య ఆడుతూ ఉండాలి. గట్టిగా నవ్వినప్పుడు కూడా చివరి అంచును తాకకూడదు. అంచును తాకితే తరంగపు శిఖరాలు తెగిపోయి మాట పగిలినట్లు వినబడుతుంది. కొన్ని కంప్యూటర్లలో పాత ‘కంట్రోల్ ప్యానెల్’ సౌండ్ విభాగంలో ‘రికార్డింగ్’, మైక్రోఫోను ‘ప్రాపర్టీస్’, ‘లెవెల్స్’ అన్న వరుసలో పోతే ‘మైక్రోఫోన్ బూస్ట్’ అనే మరొక మీట కనబడుతుంది. అది 10, 20, 30 డెసిబెల్స్ మెట్లుగా పెంచుతుంది. ముందు 10తో సరిపెట్టుకోండి. 30కి పోతే మాటతో పాటు ఫ్యాను హోరు, పక్క గదిలో కుక్కరు కూత కూడా పెరుగుతాయి. ఈ మీట అన్ని యంత్రాలలో ఉండదు. లేకపోతే కంగారు పడనక్కరలేదు.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉన్నది. “మైక్రోఫోను స్థాయి తగ్గితేనేమి, అవతలివారు వాల్యూము పెంచుకుంటే సరిపోదా?” అని అడగవచ్చు. సరిపోదు. పదహారు బిట్ల పద్ధతిలో ధ్వనిని 65,536 మెట్లుగా విభజించి కొలుస్తారు. మాట 36 డెసిబెల్స్ తక్కువగా లోనికి వస్తే అది అరవై నాలుగవ వంతై, సుమారు వెయ్యి మెట్లకే పరిమితమవుతుంది. అంతకన్న ముఖ్యమైన సంగతి: యంత్రపు స్వంత సద్దు మాత్రం తగ్గకుండా అంతే ఉంటుంది. తరువాత ఎంత పెంచినా మాటతో పాటు ఆ సద్దు కూడా పెరుగుతుంది. పలుచనైన పాలను ఎంత మరిగించినా మీగడ కట్టదు.

మూడు: తప్పు రంధ్రం. బల్ల మీది పెద్ద కంప్యూటర్ల వెనుక రంగురంగుల రంధ్రాలు ఉంటాయి. గులాబీ రంగుది మైక్రోఫోనుకు, ఆకుపచ్చది స్పీకరుకు, లేత నీలంది టేపు రికార్డరు వంటి బలమైన సంకేతాలకు. మైక్రోఫోనును నీలం రంధ్రంలో పెడితే వేల రెట్లు పెంచే ప్రీయాంప్లిఫయరు అక్కడ ఉండదు. మాట వినీవినబడనట్లు ఉంటుంది, లేదా అసలే ఉండదు. చేతి ఫోనుకు వచ్చిన హెడ్‌సెట్ పుల్లను పరీక్షించి చూడండి. దానిపై మూడు నల్లని వలయాలుంటే అది నాలుగు భాగాల పుల్ల. దానిని రెండు వలయాల పుల్లకు ఉద్దేశించిన గులాబీ రంధ్రంలో నేరుగా పెడితే మైక్రోఫోను సరిగా పని చేయదు. దానిని రెండుగా చీల్చే చిన్న తీగ స్వల్పమైన ధరకు లభిస్తుంది.

నాలుగు: తీగ మీది చిన్న చక్రం. హెడ్‌సెట్ తీగ మధ్యలో ఒక వాల్యూము చక్రమో, మాట ఆపే మీటో ఉంటుంది. పిల్లలు తిప్పి మరచిపోతారు. కంప్యూటరులో గంటసేపు వెతికే ముందు దీనిని ఒకసారి చూడాలి.

ఐదు: వేదిక మైక్రోఫోనులు. సంఘం ఉత్సవాలలో వాడే చేతి మైక్రోఫోనును ఇంటికి తెచ్చి కంప్యూటరుకు తగిలించేవారున్నారు. అది డైనమిక్ జాతిది. నోటికి ఆనించి పాడడానికి ఉద్దేశించినది. ఒక పాస్కల్‌కు సుమారు రెండు మిల్లీవోల్టులే ఇస్తుంది. దానికి ఆడియో ఇంటర్‌ఫేస్ అనే మధ్యవర్తి పరికరం కావాలి. స్టూడియో కండెన్సర్ మైక్రోఫోనులకైతే ఆ పరికరం నుంచి 48 వోల్టుల విద్యుత్తు కూడా అందాలి. వీటిలో కొన్నింటికి ముందు వెనుకలుంటాయి. వెనుక వైపు మాట్లాడితే వినకుండా ఉండడమే వాటి గుణం. ఏది ముఖమో తెలుసుకుని మాట్లాడాలి.

ఆరు: తీగలేని హెడ్‌సెట్లు. బ్లూటూత్ హెడ్‌సెట్‌లో పాట వింటున్నప్పుడు ఉన్న నాణ్యత, మైక్రోఫోను వాడడం మొదలుపెట్టగానే పడిపోవడం మీరు గమనించే ఉంటారు. రెండు వైపులా మాట నడిపే పాత బ్లూటూత్ పద్ధతి, సెకనుకు 8,000 లేక 16,000 సార్లు మాత్రమే ధ్వనిని నమోదు చేస్తుంది. ముఖ్యమైన సంభాషణకు తీగ గల హెడ్‌సెట్ ఉత్తమం.

ఏడు: కార్యక్రమాల అతితెలివి. సంభాషణ కార్యక్రమాలు మన మాటను తమంత తాము పెంచుతూ తగ్గిస్తూ ఉంటాయి. ఒకరు గట్టిగా నవ్వితే స్థాయిని తగ్గించివేసి, తరువాత మెల్లగా పెంచుతాయి. ఆ మధ్యకాలంలో నెమ్మదిగా మాట్లాడే అమ్మమ్మ మాట ఎవరికీ వినబడదు. జూమ్ ఆడియో అమరికలలో మైక్రోఫోను వాల్యూమును స్వయంగా సరిదిద్దే సౌకర్యం ఉన్నది. దానిని ఒకసారి ఆపి, స్థాయిని మనమే నిలిపి చూడవచ్చు. విండోస్‌లో మైక్రోఫోను ‘అడ్వాన్స్‌డ్’ పుటలో, కార్యక్రమాలు మైక్రోఫోనును పూర్తిగా తమ అధీనంలోకి తీసుకునేందుకు ఇచ్చిన అనుమతిని కూడా తొలగించి చూడవచ్చు.

ఎనిమిది: స్పీకరు మోత. ఇది విచిత్రమైన దోషం. అవతలివారి మాట మన స్పీకరు నుంచి వెలువడి మన మైక్రోఫోనులోకే దూరితే వారికి తమ మాటే ప్రతిధ్వనిగా వినబడుతుంది. దానిని నివారించడానికి కార్యక్రమం, స్పీకరు మోగుతున్నంతసేపు మన మైక్రోఫోనును అణచి ఉంచుతుంది. మనం స్పీకరును ఎంత పెంచితే మన మాట అంతగా అణగిపోతుంది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడే మన తెలుగు ఇళ్ళలో దీని ప్రభావం మరీ ఎక్కువ! హెడ్‌ఫోను పెట్టుకుంటే ఈ చిక్కు పూర్తిగా తొలగుతుంది.

సంగీత పాఠాలు నేర్చుకునే పిల్లల విషయం

చెన్నైలోనో, విజయవాడలోనో ఉన్న గురువుగారి వద్ద కంప్యూటరు ద్వారా కర్ణాటక సంగీతం అభ్యసించే పిల్లలు మనలో ఎందరో ఉన్నారు. “శ్రుతి వినబడడం లేదమ్మా, శ్రుతి పెట్టుకున్నావా?” అని గురువుగారు అడుగుతారు. ఇక్కడ శ్రుతిపెట్టె మోగుతూనే ఉంటుంది. కారణమేమంటే, సద్దును తొలగించే సాంకేతిక పద్ధతి, మార్పు లేకుండా నిలకడగా మోగే ధ్వనిని ఫ్యాను హోరుగా భావిస్తుంది. తంబురా నాదమూ నిలకడగా మోగేదే గదా! దానిని తుడిచివేస్తుంది. పిల్ల దీర్ఘంగా నిలిపిన షడ్జమం కూడా ఒక్కొక్కసారి మధ్యలో సన్నగిల్లి మాయమవుతుంది. పాపం, పిల్లకు ఊపిరి చాలలేదని గురువుగారు అనుకుంటారు.

దీనికి చికిత్స సులభం. జూమ్‌లో సంగీతకారుల కోసం ‘ఒరిజినల్ సౌండ్’ అనే సౌకర్యం ఉన్నది. పాఠం ఆరంభంలో దానిని ఎంచుకోవాలి. మాక్‌లో ఫేస్‌టైమ్ వాడేవారు మైక్రోఫోను విధాలలో ‘వాయిస్ ఐసొలేషన్’ను విడిచి ‘వైడ్ స్పెక్ట్రమ్’ను ఎంచుకోవాలి. అప్పుడు సద్దు వడపోత తగ్గుతుంది గనుక గది నిశ్శబ్దంగా ఉండాలి, హెడ్‌ఫోను తప్పనిసరి.

అవతలి ఇంటి సంగతి

మన వైపు అంతా సవ్యంగా ఉన్నదని తేలిన తరువాతనే అవతలి ఇంటి వైపు చూడాలి. పెద్దలు వాడే చేతి ఫోనులో సంభాషణ వాల్యూము వేరు, పాటల వాల్యూము వేరు. మాట్లాడుతున్న సమయంలోనే పక్క మీట నొక్కి పెంచమని చెప్పాలి. ఫోను అడుగున ఉన్న స్పీకరు రంధ్రాలను అరచేయి మూసివేయడం, తొడుగు అడ్డుపడడం సర్వసాధారణం.

వయస్సు వలన వచ్చే వినికిడి లోపం ముందుగా హెచ్చు స్థాయి ధ్వనులను తాకుతుంది. స, ష, త, క వంటి హల్లుల స్పష్టత ఆ ధ్వనులలోనే ఉన్నది. అందువలన వారికి మాట వినబడుతుంది గాని అర్థం కాదు. మైక్రోఫోను నీరసం దీనికి తోడైతే ఉన్న కొద్దిపాటి ఆసరా కూడా పోతుంది. అటువంటివారికి అరవడం కన్న, మైక్రోఫోనుకు దగ్గరగా కూర్చుని, నిదానంగా, ఒకరి తరువాత ఒకరు మాట్లాడడం మేలు. అయినా ఫలితం లేకపోతే చెవి వైద్యుని వద్దకు తీసుకువెళ్ళడంలో ఆలస్యం చేయకూడదు. వినికిడి తగ్గినవారు క్రమంగా సంభాషణల నుంచి తప్పుకుంటారు, ఇంటిలోనే ఒంటరివారవుతారు.

ముగింపు

ఆ ఆదివారం ఇన్‌పుట్ జాబితాలో కెమెరా మైక్రోఫోనును ఎంచుకుని, స్థాయిని సరిచేసి, పద్యం వినిపించమని అమ్మాయిని ముందు కూర్చోబెట్టాను. చదవడం పూర్తయ్యేసరికి నాన్నగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు. రెండవ పాదంలో ఒక ఒత్తు పోయిందని దిద్దారు కూడా. తరువాత నేను అలవాటు చొప్పున గొంతు చించుకుని “నాన్నగారూ, వినబడుతోందా?” అని అడిగాను. “ఎందుకురా అంత అరుపు? నాకేమన్నా చెముడా?” అన్నారు ఆయన. ఆ రోజు మా సంభాషణ గంటన్నర సాగింది.

ఎనిమిది నెలలపాటు ఆయన తన చెవులే పోయాయని లోలోపల నమ్మారు. మా మాట వినబడడం లేదని చెబితే మేము నొచ్చుకుంటామని తల ఊపుతూ కూర్చున్నారు. ఆ సంగతి తరువాత తమ్ముడు చెప్పాడు. బల్ల కింద మూతపడిన ల్యాప్‌టాప్‌ను చూసినప్పుడల్లా నాకు అదే జ్ఞాపకం వస్తుంది.

కాబట్టి సోదర సోదరీమణులకు నా విన్నపం ఒక్కటే. ఈ వారాంతంలో మీ ఊరికి ఫోను చేసే ముందు ఒక్క నిమిషం మీ గొంతును మీరే రికార్డు చేసుకుని వినండి. పెద్దల చెవులను శంకించే ముందు మన మైక్రోఫోనును శంకిద్దాము.